పదిహేడో విజిల్

మా ఆయన పాతికేళ్ళుగా జనాన్ని నదిలోకి తీసుకెళ్ళి, తడిపి, కాస్త భయపెట్టి, మళ్ళీ భద్రంగా ఒడ్డుకు చేరుస్తున్నారు. నేను పాతికేళ్ళుగా వాళ్ళు విప్పేసిన జాకెట్లు కడిగి ఆరేస్తున్నాను. మా సంసారం గురించి ఎవరైనా అడిగితే ఇంతకంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

మా నది కొండల్లోంచి దిగుతుంది. దిగేటప్పుడు మర్యాదగా దిగదు. బండల మీద పడి, విరిగి, తెల్లగా నురగలు కక్కుకుంటూ వస్తుంది. అలాంటి చోట్ల రబ్బరు బోటులో నలుగురైదుగురిని కూర్చోబెట్టి, చేతికో తెడ్డు ఇచ్చి, తను వెనక కూర్చుని కేకలేస్తూ దాటించడం ఈయన ఉద్యోగం. కంపెనీ ఆఫీసు మా ఇంటి ముందు గదిలోనే. సామానంతా పెరట్లో రేకుల షెడ్డులో. కాబట్టి ఫోన్లు ఎత్తడం, పేర్లు రాసుకోవడం, హెల్మెట్లు తుడవడం నా పని. నదిలో కాలు పెట్టడం మాత్రం నా పని కాదని పెళ్ళైన మొదటి వారంలోనే తేల్చి చెప్పేశాను.

ఊరికే చెప్పలేదు. కొత్త పెళ్ళికూతుర్ని కదా అని ముచ్చటపడి, బోట్లు ఒడ్డుకు చేరే చోట నిలబడి ఎదురుచూశాను. ఈయన బోటు తలకిందులుగా వచ్చింది. దాని వెనకాల మనుషులు తేలుతూ వచ్చారు. అందరికంటే చివర ఈయన నవ్వుకుంటూ ఈదుతూ వచ్చారు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి మూడు రోజులు మాట్లాడలేదు.

అప్పుడే మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. నదిలో ఆఖరి ఉరవడి, అంటే నీళ్ళు బండల మీద విరిగి పడే చోటు, మా ఇంటికి దగ్గర్లోనే ఉంటుంది. దాన్ని గైడ్లందరూ 'అత్తగారు' అంటారు, ఎప్పుడు ఎక్కడ పట్టుకుంటుందో తెలియదు కాబట్టి. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఇంట్లో ఆ పేరు ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు. ఆ ఉరవడి దాటి బోటు నిలకడ నీళ్ళలోకి రాగానే గైడు ఒక పొడుగాటి విజిల్ ఊదుతాడు. అందరూ క్షేమం అని వెనక వచ్చే బోటుకి గుర్తు. ఈయన మాత్రం రెండుసార్లు ఊదేవారు. రెండోది నాకు. చేతిలో ఏ పనున్నా ఆ రెండో విజిల్ వినపడేదాకా నా ప్రాణం కుదుటపడేది కాదు. వినపడ్డాక మాత్రం ఏమీ ఎరగనట్టు పొయ్యి దగ్గరికి పోయేదాన్ని.

ఏటా సీజన్ మొదలయ్యే ముందు ఈయన నన్ను అడిగేవారు, ఈసారైనా బోటెక్కుతావా అని. నేను ఠక్కున కాదనేదాన్ని. ఆయన వెక్కిరించేవారు, నేను తిట్టేదాన్ని, అక్కడితో అయిపోయేది. ఈ ఏడు అలా జరగలేదు. షెడ్డు మెట్టు మీద నేను హెల్మెట్ల పట్టీలు సరిచేస్తుంటే వచ్చి నా పక్కన కూర్చున్నారు. వెక్కిరింపు లేదు, నవ్వు లేదు.

"ఈ ఒక్కసారికి రావా?" అన్నారు.

ఆ గొంతు విని సరే అన్నాను. అన్న మరుక్షణమే ఎందుకన్నానా అనుకున్నాను, కానీ అన్నమాట అన్నట్టే.

ఆ సాయంత్రమే ప్లాను మొదలైంది. సీజన్ తెరవడానికి వారం ముందు, కస్టమర్లు ఎవరూ లేకుండా ఇంటివాళ్ళమే వెళ్ళాలని. ఈయన, నేను, మా అమ్మాయి, ఈయన అక్క అంటే మా వదిన, ఆవిడ భర్త. మా అమ్మాయి రెండేళ్ళుగా ఇదే నది మీద గైడు. లైసెన్సు ఉంది, చేతుల్లో బలం ఉంది, ముక్కు మీద కోపం నా దగ్గర్నుంచి వచ్చింది. వదిన భర్తని నేను అన్నయ్యగారు అంటాను. ఆయన ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యారు. నడిపేది తను కాకపోతే ఏ బండిలోనూ కుదురుగా కూర్చోలేరు, కాలితో లేని బ్రేకు నొక్కుతూనే ఉంటారు.

ప్లాను అంటే ముందు ఆఫీసు గోడ మీదున్న నల్లబోర్డు. దాని మీద కోడిగుడ్డులా బోటు బొమ్మ గీసి, ఎవరెక్కడ కూర్చోవాలో సున్నాలు చుట్టి, ఒక్కో సున్నాలో ఆ మనిషి బరువు రాయాలి. ఒక పక్క బరువెక్కువైతే బోటు అటే ఒరుగుతుంది. చిక్కేమిటంటే బరువు దగ్గర నిజం చెప్పే మనిషిని నేను ఈ పాతికేళ్ళలో చూడలేదు. ఆడవాళ్ళు చెప్పినదానికి ఆరు కిలోలు, మగవాళ్ళు చెప్పినదానికి నాలుగు కలిపి రాసుకోవడం నాకు అలవాటైపోయింది. మా వదిన ఫోన్లో అరవై రెండు అంది. నేను నోరు మెదపకుండా అరవై ఎనిమిది రాశాను. నా సున్నాలో యాభై రెండు రాసుకున్నాను.

ఈయన వేసిన బొమ్మలో వెనక గైడు సీట్లో తను. ముందు వరసలో అమ్మాయి, అన్నయ్యగారు. నడిమి వరసలో నేను, వదిన. నడుమ కూర్చుంటే నీళ్ళు తక్కువ పడతాయి, మూటలా పడి ఉండొచ్చు అని నాకు ధైర్యం చెప్పారు. మూటలా ఉండమంటే ఉంటాను గానీ తెడ్డు వెయ్యమంటే నావల్ల కాదని నేనూ చెప్పాను.

ఇక వదిన రోజుకి మూడు ఫోన్లు. గొడుగు తేవచ్చా, ఫ్లాస్కు ఎక్కడ పెట్టాలి, మధ్యలో దిగి కాళ్ళు చాపుకోవచ్చా. నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఒంటికి పట్టేసి చలి పుట్టిస్తాయి, వద్దని చెప్తే కొత్తగా కుట్టించుకున్నానే అని బాధపడింది. కళ్ళద్దాలకి తాడు కట్టుకోమంటే అన్నయ్యగారు నొచ్చుకున్నారు, నేనేమన్నా చిన్నపిల్లాడినా అని. అమ్మాయి రోజూ వంతెన దగ్గరికి వెళ్ళి స్తంభం మీద ఎర్రగీతకి నీళ్ళు ఎంత దిగువన ఉన్నాయో చూసొచ్చి చెప్పేది. గీత దాటితే ప్రయాణం మానుకోవాలి. దాటాలని నేను లోలోపల కోరుకున్న మాట నిజమే.

మంగళవారం పొద్దున విజిళ్ళు చూశాం.

ప్రతి జాకెట్టుకీ భుజం దగ్గర ఒక విజిల్ ఉంటుంది. సీజన్ ముందు ఇరవై నాలుగు జాకెట్లవీ నేను షెడ్డులో నిలబడి ఒకటొకటిగా ఊదుతాను. ఈయన పెరట్లో బోటుకి అతుకులు వేసుకుంటూ, నాకు వీపు పెట్టి కూర్చుని, తలెత్తకుండానే తీర్పు చెప్తారు. బాగుంది. బాగుంది. అది బొంగురు, పారెయ్. దాంట్లో ఇసుక దూరింది, కడుగు. ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. బోటులోంచి ఎవరైనా నీళ్ళలో పడితే, ఆ నది హోరులో వాళ్ళకీ గైడుకీ మధ్య ఉండేది ఆ విజిల్ ఒక్కటే.

ఈసారి ఆయన షెడ్డు గుమ్మం వైపు తిరిగి కూర్చున్నారు. ఎండ పడుతోందేమో అనుకున్నాను. పదహారు విజిళ్ళు వరసగా బాగుంది అన్నారు. అందులో ఒకటి నాకే బొంగురుగా అనిపించింది, అయినా ఆయన చెప్పాక నేనెవర్ని అని వదిలేశాను. పదిహేడోది నోట్లో పెట్టుకుని బుగ్గలు పూరించాను. సరిగ్గా అప్పుడు గొంతులో ఏదో అడ్డుపడింది. ఊదలేదు.

"బాగుంది," అన్నారు ఆయన.

ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ముఖం చూస్తే మామూలుగానే ఉంది. పద్దెనిమిదోది కావాలనే ఊదలేదు, బుగ్గలు మాత్రం పూరించాను. బాగుంది అన్నారు. పంతొమ్మిదోది తీసుకుని, గోడ వైపు తిరిగి, ఆయనకి నా వీపు మాత్రమే కనిపించేలా నిలబడి, ఉన్న ఊపిరంతా పెట్టి ఊదాను. వెనక నుంచి ఏ మాటా రాలేదు. తిరిగి చూస్తే, చేతిలో జిగురు డబ్బా పట్టుకుని నేను ఎప్పుడు ఊదుతానా అని నా వైపే చూస్తున్నారు.

మిగతా అయిదూ ఎలా పూర్తి చేశానో నాకు తెలియదు.

ఆ రోజంతా ఒకటొకటే గుర్తుకొచ్చాయి. కిందటేడు ఉన్నట్టుండి మంచం మీద మేం పడుకునే వైపులు మార్చేశారు. కిటికీ గాలి పడటం లేదన్నారు. నా అలవాటు చోటు పోయిందని నేను వారం రోజులు సాధించాను. ఇప్పుడు నేను ఆయన కుడి పక్కన పడుకుంటున్నాను. బజారుకెళ్ళినా, సినిమాకెళ్ళినా నన్ను కుడి పక్కకే రానిస్తున్నారు. సీజన్ చివర్లో నడుం నొప్పి అని కంపెనీకి చెప్పి కస్టమర్లని తీసుకెళ్ళడం మానేసి, అతుకుల పనిలో కూర్చున్నారు. నడుం నొప్పికి నేను రోజూ నూనె రాశాను. ఎంత నూనె దండగయిందో తలుచుకుంటే మళ్ళీ కోపం వచ్చింది.

కోపమొస్తే గిన్నెల మీద చూపించడం నా పద్ధతి. ఎంత కోపమో మోతని బట్టి ఆయన లెక్కగట్టేవారు, దాన్ని బట్టి టీ పెట్టుకొచ్చేవారు. ఆ మధ్యాహ్నం సింకులో గిన్నెలన్నీ ధనధనా విసిరాను. ఆయన పక్కగదిలో ప్రశాంతంగా తాడు చుట్టుకుంటున్నారు. నా కోపం కూడా ఆయన దాకా వెళ్ళడం లేదని అప్పుడు తెలిసింది. కొళాయి తిప్పి పెట్టి ఏడ్చాను.

చెప్పాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాను. చెప్తే ఆయనకి నది పోతుంది. చెప్పకపోతే వెనక సీట్లో వినపడని మనిషి, ముందు నలుగురం, అందులో నా కూతురు. నది ఆయనకి కంఠతా వచ్చు, నాకు తెలుసు. కానీ నీళ్ళలో పడ్డవాళ్ళ కేక కంఠతా రాదు కదా.

గురువారం ఆయన బోర్డు ముందు నిలబడి బొమ్మ సరిచూసుకుంటుంటే వెళ్ళి కుడి పక్కన నిలబడ్డాను.

"పదిహేడోది నేను ఊదలేదండీ," అన్నాను.

ఆయన సుద్దముక్క బోర్డు అంచున పెట్టి నా వైపు తిరిగారు.

"పద్దెనిమిదోది?"

"అదీ ఊదలేదు."

"పంతొమ్మిదోది ఊదలేదని తెలుసులే."

"అది ఊదాను. పక్కింటి కుక్క లేచి మొరిగింది."

ఆయన నవ్వారు. నవ్వి, అలాగే కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నారు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చారు. ఎడమ చెవి పూర్తిగా పోయిందట. కుడి చెవికి దగ్గరి మాటలు అందుతాయి గానీ, దూరం నుంచి వచ్చే సన్నటి చప్పుళ్ళు అందవట. పాతికేళ్ళ చన్నీళ్ళు, పాతికేళ్ళ హోరు, ఇంకేమవుతుంది అన్నాడట డాక్టరు. ఈ సీజన్‌లో కంపెనీకి చెప్పేసి మానేద్దామనే అనుకున్నారట. మానేసే ముందు ఒక్కసారి నన్ను ఎక్కించుకుని వెళ్ళాలని ఆశ.

"చెప్తే నువ్వు రావు. ఇన్నేళ్ళూ నేనేం చేశానో నువ్వొక్కసారైనా చూడాలి కదా," అన్నారు.

నాకు ఆయన మీద ప్రేమ ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది. అందుకని ఏడాది పాటు నా దగ్గర దాచినందుకు ముందు దులిపేశాను. తర్వాత ఆయన తల నా పొట్టకి ఆనించుకుని నిలబడ్డాను, ఎంతసేపో తెలియదు. తర్వాత తడిగుడ్డ తెచ్చి బోర్డు మీద వెనక సున్నా తుడిచేశాను. అక్కడ అమ్మాయి అని రాశాను. ముందు వరసలో ఎడమవైపు ఆయన్ని రాశాను.

"ముందు కూర్చునేది కస్టమర్లు," అన్నారు, అవమానపడ్డట్టు.

"పాతికేళ్ళూ వెనక కూర్చుని అందరి వీపులే చూశారు. ఒక్కసారి ముందు కూర్చుని నదిని చూడండి."

ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి, బోర్లించిన బోటు మీద కూర్చున్నారు. పిలిచినా రాలేదు. వినపడలేదో, వినపడి రాలేదో నాకు తెలియలేదు, వెళ్ళి అడిగే ధైర్యమూ లేకపోయింది.

దేవుడు పంపినట్టు ఆ సాయంత్రం అన్నయ్యగారు తాడు కట్టిన కళ్ళద్దాలు సరిపోయాయో లేదో చూపించడానికి వచ్చారు. నేను గుమ్మంలోనే సంగతి చెప్పాను. ఆయన వెళ్ళి బోటు మీద బావమరిది కుడి పక్కన కూర్చున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి విన్నాను, దాపరికం ఎందుకు. తన రిటైర్మెంటు సంగతి చెప్తున్నారు. ఆఖరి డ్యూటీ అయిన మర్నాడు అదే బస్సులో, అదే దారిలో, కిటికీ పక్కన టికెట్ కొనుక్కుని కూర్చున్నారట. దారిలో ఒక చెరువు కనబడిందట. ముప్ఫై ఏళ్ళు దాని పక్కనుంచే వెళ్ళినా, కళ్ళు రోడ్డు మీదే కాబట్టి, చెరువుందని తెలుసు గానీ చూడలేదట. కాలితో బ్రేకు నొక్కుతూనే ఉన్నాననుకో, అయినా చూశాను, అన్నారు. ఈయన ఏమన్నారో వినపడలేదు.

శుక్రవారం పొద్దున లేచి ఆఫీసు గదిలోకి వెళ్తే బోర్డు మీద మళ్ళీ చెయ్యి పడింది. వెనక అమ్మాయి. ముందు ఎడమవైపు ఆయన. నేను రాసింది రాసినట్టే ఉంది. కానీ నన్ను నడిమి వరస నుంచి తీసి ముందు వరసలో కుడివైపుకి, సరిగ్గా ఆయన పక్కకి మార్చారు. నడుమ వదినా అన్నయ్యగారూ. నా సున్నాలో యాభై రెండు కొట్టేసి అరవై నాలుగు రాశారు.

నాకు రెండు రకాలుగా మండింది.

"వెనక నుంచి అమ్మాయి చెప్పేది నాకు వినపడదు. నువ్వు నా కుడి చెవిలో చెప్పాలి. నువ్వు ముందు కూర్చుంటేనే నేను కూర్చుంటాను," అన్నారు. అంతేకాదు, అరవై నాలుగు కూడా తక్కువ చేసి రాసిందేనట.

నా గొయ్యి నేనే తవ్వుకున్నానని అప్పటికి అర్థమైంది. ఒప్పుకున్నాను.

అమ్మాయికి ఆయనే చెప్పారు. మొదట ఏడ్చింది. ఏడుపు ఆగాక గైడు అయిపోయింది. ఏ చెవి, ఎంత దూరం వినపడుతుంది, హెల్మెట్ పెడితే ఎంత తగ్గుతుంది అని చెవి దగ్గర చిటికెలేస్తూ అన్నీ పరీక్ష చేసింది. వెనకనుంచి సలహాలు ఇవ్వనని వాళ్ళ నాన్న చేత ఒట్టు వేయించుకుంది. తను ఈసారి ముందుంటానని ఆయన గుర్తుచేశారు. ముందునుంచి కూడా ఇవ్వకూడదు అంది.

ఆ శని, ఆదివారాలు మా ఇంట్లో మంచమే బోటు. నేనూ ఆయనా అంచుల మీద కూర్చున్నాం, చేతుల్లో చీపుళ్ళు. వెనక అమ్మాయి. ఆజ్ఞలు నాలుగే: ముందుకు, వెనక్కి, ఆపు, లోపలికి అంటే అంచు దిగి బోటు అడుగున కూర్చోవడం. అమ్మాయి అనడం, అది నేను ఆయన చెవిలో అనడం, ఇద్దరం చీపుళ్ళు తిప్పడం. మొదట్లో నేను ముందుకు అని చెప్పి నా చీపురు వెనక్కి తిప్పేదాన్ని. అమ్మాయి కస్టమర్ల మీద కేకలేసినట్టే నా మీదా వేసింది. ఆయన మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు, నేను చెప్పింది చెప్పినట్టు చేశారు. పాతికేళ్ళ కాపురంలో ఆయన నా మాట అంత శ్రద్ధగా విన్నది ఆ రెండు రోజులే.

సోమవారం నీళ్ళు ఎర్రగీతకి జానెడు దిగువన ఉన్నాయి. తప్పించుకునే దారి లేదు.

వెనక ఇంకో గైడు ఖాళీ బోటు తెచ్చాడు, తోడుగా. పైన మొదటి మలుపులో వదిన గొడుగు గురించి ఇంకా మాట్లాడుతూనే ఉంది, రెండో మలుపుకి మాటలు ఆగిపోయాయి. నేను భయంతో కాళ్ళు బిగబట్టి, వెనక నుంచి వచ్చిన ప్రతి మాటా ఆయన కుడి చెవిలో చెప్తూ వచ్చాను. మంచం కంటే ఇదే తేలిక, చీపురు కంటే తెడ్డు నయం. ఆయన తెడ్డు వేస్తున్నారు గానీ కళ్ళు నీళ్ళ మీదే. ఒక బండ చూపించి, ఇది ఇటువైపు నుంచి ఇలా ఉంటుందా అన్నారు. ఆయన ముఖం చూశాను. మొదటిసారి నదిని చూసిన మనిషి ముఖం అది.

అత్తగారు వచ్చింది. దూరం నుంచే హోరు. నీళ్ళు అక్కడ కిందికి దిగి, మళ్ళీ గోడలా లేచి నిలబడి ఉన్నాయి. వెనక నుంచి అమ్మాయి ముందుకు అని అరిచింది. నాకు నోరు పెగల్లేదు. కళ్ళు మూసుకుపోయాయి. రెండోసారి అరిచింది. కళ్ళు తెరిస్తే, ఆయన తెడ్డు పైకెత్తి పట్టుకుని, నదిని వదిలేసి నా ముఖం వైపే చూస్తున్నారు, నేను చెప్తే గానీ వెయ్యనన్నట్టు. అప్పుడు నేను అరిచిన అరుపు కొండల దాకా వినపడి ఉంటుంది. ఇద్దరం కలిసి తెడ్లు దించాం. నీళ్ళ గోడ వచ్చి ముఖాల మీద పడింది. చెవుల్లో, ముక్కుల్లో, నోట్లో అంతా నది. తర్వాత ఒక్కసారిగా వెలుతురు, నిలకడ నీళ్ళు. బోటు కుదురుగా తేలుతోంది. అన్నయ్యగారు ఇంకా కాలితో నొక్కుతూనే ఉన్నారు.

ఒడ్డు మీద చెట్ల సందుల్లోంచి మా వంటింటి కిటికీ కనిపించింది. ఇక్కడినుంచి కనిపిస్తుందని ఆయన నాకు ఎప్పుడూ చెప్పలేదు.

వెనక అమ్మాయి విజిల్ తీసి పొడుగ్గా ఊదింది, వెనక బోటు కోసం. కాస్త ఆగి ఇంకోసారి ఊదింది. రెండో విజిల్ సంగతి దానికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆయన వెనక్కి తిరిగి దాని బుగ్గలకేసి చూడలేదు. నీళ్ళు కారుతున్న ముఖంతో నాకేసి చూస్తున్నారు.

"మోగిందా?" అన్నారు.

"రెండుసార్లు," అన్నాను, కుడి చెవి దగ్గరికి వంగి.

"బాగుంది," అన్నారు ఆయన.